పిస్టలా, రివాల్వరా? లైసెన్స్ వచ్చాక, కొనేముందు

లైసెన్స్ మంజూరైందని తెలియగానే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పక్కన చేరేవాళ్లు చెప్పే మాటలు రెండు. "పిస్టల్ తీసుకో, ఎనిమిది రౌండ్లు పడతయి" అని ఒకరు. "రివాల్వర్ తీసుకో, అది ఎన్నడూ ఇరుక్కోదు" అని ఇంకొకరు. రెండింట్లోనూ సగమే నిజం ఉంది. కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరే: చేతిలో ఉన్న ఆయుధం ఖాళీగా ఉందో లేదో ఏది తేలిగ్గా తేల్చి చెబుతుంది? తేల్చుకోవడానికి అది అడిగే క్రమాన్ని ప్రతిసారీ, అలసిపోయిన రాత్రి కూడా, పాటించే ఓపిక మనకుందా? ఇంట్లో తుపాకీ పేలిన తర్వాత వినపడే మాట ఎప్పుడూ ఒక్కటే: "ఖాళీగా ఉందనుకున్న."

బోరు, అంటే గొట్టం లోపలి కొలత, విషయంలో ఎంపిక చాలావరకు చట్టమే చేసి పెట్టింది. 9 ఎంఎం, పాయింట్ 38 లాంటివి నిషేధిత బోర్లు. జిల్లాలో ఇచ్చే మామూలు లైసెన్స్ మీద అవి రావు. ఆత్మరక్షణ కోసం సాధారణ పౌరుడు కొనే చేతి తుపాకీ దాదాపుగా పాయింట్ 32 బోరే. ప్రభుత్వ కర్మాగారాల సరుకులో పిస్టల్ అంటే 'అశని', రివాల్వర్ అంటే పాత మార్క్ 3 నమూనా, 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన 500 గ్రాముల 'నిర్భీక్', 2023లో వచ్చిన 'ప్రబల్'. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్స్ గడువు 5 ఏళ్లు.

ఇక్కడే మొదటి పొరపాటు దొర్లుతుంది. పిస్టల్‌దీ పాయింట్ 32, రివాల్వర్‌దీ పాయింట్ 32 కాబట్టి ఒకదాని రౌండ్లు ఇంకోదానికి పనికొస్తాయనుకుంటారు. పనికిరావు. పిస్టల్ తినేది పాయింట్ 32 ఏసీపీ, అంటే 7.65 ఎంఎం, దాని షెల్ (మందు నింపిన ఇత్తడి డొప్ప) పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. రివాల్వర్‌కు కావాల్సింది పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్; షెల్ సుమారు 23 మిల్లీమీటర్లు, అడుగున అంచు బాగా బయటికి ఉంటుంది. చిక్కేమిటంటే, ఏసీపీ రౌండ్ కొన్ని రివాల్వర్ల సిలిండర్‌లో దిగిపోతుంది, పేలుతుంది కూడా. కానీ ఏసీపీ పీడనం లాంగ్ కన్నా ఎక్కువ. పాత టాప్‌బ్రేక్ రివాల్వర్, అంటే గొట్టం ముందుకు మడిచి తెరిచే రకం, దాన్ని తట్టుకునేలా కట్టింది కాదు. డీలర్ దగ్గర రౌండ్లు తీసుకునేటప్పుడు "32వి ఇవ్వు" అనకుండా పూర్తి పేరు చెప్పండి, పెట్టె మీద చదవండి, బిల్లులోనూ లైసెన్స్ పుస్తకంలోనూ అదే రాయించండి.

ఇంకో మాట కూడా ముందే అనుకుంటే మంచిది. అడవి పందులు చేను పాడుచేస్తున్నాయని దేవరకొండ, అచ్చంపేట వైపు కొందరు చేతి తుపాకీ గురించి అడుగుతుంటారు. ఆ పనికి ఈ రెండూ దండగే. పాయింట్ 32 పందిని పడగొట్టదు, గాయపరిచి మన మీదికి తోలుతుంది. పైగా అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరం.

పిస్టల్ లోపల జరిగేది

పిస్టల్‌లో రౌండ్లు పిడిలోని మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కింద స్ప్రింగ్ వాటిని పైకి తోస్తుంటుంది. పైన ఉన్న స్లైడ్‌ను చేత్తో వెనక్కి లాగి వదిలితే, అది ముందుకు పోతూ పై రౌండ్‌ను మ్యాగజైన్ నుంచి ఊడదీసి గొట్టం వెనుక ఉన్న ఛాంబర్‌లోకి దూరుస్తుంది. అదే కదలికలో లోపలి హ్యామర్ గానీ స్ట్రైకర్ గానీ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ షెల్ అడుగున ఉన్న ప్రైమర్‌ను కొడుతుంది. మందు మండి, ఆ వాయువు బుల్లెట్‌ను ముందుకు, షెల్‌ను వెనక్కి నెడుతుంది. చాలా పాయింట్ 32 పిస్టళ్లలో గొట్టానికీ స్లైడ్‌కూ తాళం ఏమీ ఉండదు. స్లైడ్ బరువు, రికాయిల్ స్ప్రింగ్ బిగువు, ఈ రెండే ఆ వెనక్కి తోపును బుల్లెట్ బయటపడేదాకా ఆపి ఉంచుతాయి. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. 9 ఎంఎం లాంటి బలమైన రౌండ్లకు ఇది చాలదు. వాటిలో గొట్టమూ స్లైడూ మొదట కలిసి కొంత వెనక్కి పోయి, గొట్టం కిందికి వంగాక విడిపోతాయి.

స్లైడ్ వెనక్కి పోయేటప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం ఖాళీ షెల్‌ను లాక్కొస్తుంది, ఎజెక్టర్ తగిలి అది పక్కకు ఎగిరిపోతుంది. తర్వాత స్ప్రింగ్ స్లైడ్‌ను ముందుకు తోస్తుంది, అది మళ్లీ ఇంకో రౌండ్‌ను ఛాంబర్‌లో పెడుతుంది. ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితేనే రెండోది పేలుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ప్రతి పేలుడు తర్వాత పిస్టల్ తనంతట తానే మళ్లీ నిండి, బిగుసుకుని, తేలికైన ట్రిగ్గర్‌తో సిద్ధంగా ఉంటుంది. పైనుంచి చూస్తే ఆ సంగతి తెలియదు. మ్యాగజైన్ తీసేస్తే పిడి ఖాళీ అవుతుంది, ఛాంబర్ కాదు. మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు కొన్ని పిస్టళ్లలో ఉంది, చాలావాటిలో లేదు. ఉందని నమ్మి బతకకూడదు.

రివాల్వర్‌లో ఛాంబర్లు ఆరు, అవి సిలిండర్‌లోనే గుండ్రంగా ఉంటాయి. హ్యామర్ వెనక్కి లాగినా, ట్రిగ్గర్ పొడుగునా నొక్కినా సిలిండర్ ఒక గది తిరిగి గొట్టానికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. ఖాళీ షెల్ ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. మీరు మళ్లీ నొక్కేదాకా ఏదీ తనంతట తాను జరగదు. మార్క్ 3, నిర్భీక్ లాంటివాటిలో పైన బొటనవేలి లివర్ నొక్కితే గొట్టం ముందుకు మడిచి తెరుచుకుంటుంది, నక్షత్రం ఆకారంలో ఉన్న పలక ఆరు షెల్‌లనూ ఒకేసారి పైకి లేపుతుంది. ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది.

ఖాళీ చేయడం: అసలు తేడా ఇక్కడ

రివాల్వర్ అయితే వేలు ట్రిగ్గర్ బయట ఉంచి, తెరిచి, రౌండ్లన్నీ అరచేతిలోకి దులిపి, ఆరు రంధ్రాల్లోంచి వెలుతురు చూస్తే అయిపోయింది. కరెంటు పోయిన రాత్రి కూడా వేలితో తడిమి ఆరూ లెక్కపెట్టొచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్న తకరారు లేదు.

పిస్టల్‌కు వరుస ఉంది, ఆ వరుస తిరగబడితే ప్రాణం పోతుంది:

మొదట గొట్టం సురక్షితమైన వైపు, వేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం) బయట, ఫ్రేమ్ మీద చాపి. సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసినా స్లైడ్ కదిలే రకమైతే సేఫ్టీ వేయండి. సేఫ్టీ వేస్తే స్లైడ్ బిగుసుకునే రకమైతే తీయక తప్పదు, అప్పుడు వేలి మీద ధ్యాస రెట్టింపు ఉండాలి.

తర్వాత మ్యాగజైన్ తీసి జేబులో వేసుకోండి. బల్ల మీద పక్కనే పెడితే మాటల్లో పడి మళ్లీ దూర్చేస్తారు.

ఆ తర్వాతే స్లైడ్‌ను చివరిదాకా గట్టిగా వెనక్కి లాగండి. ఛాంబర్‌లోని రౌండ్ బయటికి ఎగిరిపడుతుంది. దాన్ని పట్టుకోవాలని షెల్ బయటికొచ్చే సందు మీద అరచెయ్యి మూయొద్దు. ప్రైమర్ ఎజెక్టర్‌కు తగిలి చేతిలోనే పేలే అవకాశం ఉంది. కింద పడనివ్వండి, ఏరుకోవచ్చు. ఇంకో రెండుసార్లు లాగండి. రెండోసారీ రౌండ్ బయటికొస్తే మ్యాగజైన్ లోపలే ఉందన్నమాట.

చివరగా స్లైడ్‌ను వెనక్కి నిలిపి ఛాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి, మ్యాగజైన్ గూడు కూడా చూడండి. కొన్ని పాత తరహా నమూనాల్లో స్లైడ్‌ను ఆపి ఉంచే లివర్ వేరుగా ఉండదు, సేఫ్టీ లివర్‌నే స్లైడ్ మీది గాడికి తగిలించాలి. అలాంటివాటిలో ఆఖరి రౌండ్ పేలాక స్లైడ్ తెరుచుకుని ఆగదు, మూసుకుపోతుంది. మూసి ఉన్న స్లైడ్‌ను చూసి ఏమీ చెప్పలేం.

తప్పు వరుస అంటే స్లైడ్ ముందు లాగి, తర్వాత మ్యాగజైన్ తీయడం. ఛాంబర్‌లోని రౌండ్ బయటపడింది కదా అనిపిస్తుంది. కానీ స్లైడ్ ముందుకు పోతూ మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపల పెట్టేసింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, 'ఖాళీ' అని ట్రిగ్గర్ నొక్కి చూస్తారు. అనుభవం ఉన్న పోలీసులు, ఫౌజీలు కూడా ఇక్కడే పడతారు. రాకో తెలియకో కాదు, అలవాటు మీద నమ్మకంతో.

సురక్షితమైన వైపు అంటే ఏది? మన ఇళ్లలో షాబాద్ బండలు, గ్రానైట్, సిమెంటు స్లాబు. వాటికి తగిలిన బుల్లెట్ ఎగిరి ఎటో తిరుగుతుంది. "గొట్టం నేలకు పెట్టిన" అనడం ఇక్కడ చెల్లదు. 20 లీటర్ల బకెట్ నిండా పొడి ఇసుక పోసి బీరువా పక్కన ఒక మూల పెట్టండి; ఖాళీ చేసేటప్పుడు గొట్టం మూతి ఆ ఇసుక వైపు, ఒక జానెడు పైన ఉంచండి. మూతిని ఇసుకలో గుచ్చొద్దు. పాయింట్ 32 బుల్లెట్ ఆ లోతు ఇసుకలో ఆగిపోతుంది. బ్యాంకు గార్డులకు, పోలీసు ఆయుధాగారాలకు ఇలాంటి ఏర్పాటు ఉండగా ఇంటికెందుకు ఉండకూడదు?

ఇరుక్కోవడం

పిస్టల్ ఆగిపోవడానికి కారణాలు చాలా వరకు మ్యాగజైన్ దగ్గరే మొదలవుతాయి. దాని పై పెదవులు కింద పడి వంగితే రౌండ్ కోణం మారి ఛాంబర్‌కు కాకుండా గొట్టం అంచుకు గుద్దుకుంటుంది. పాయింట్ 32 ఏసీపీకి ఉన్న జబ్బు ఇంకోటి ఉంది. దీని షెల్ అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకు వెనకపడితే రెండూ కొక్కెం వేసుకుంటాయి, స్లైడ్ ఎంత తోసినా పైది కదలదు. కాబట్టి నింపేటప్పుడు ప్రతి రౌండ్ అంచూ కిందిదాని అంచుకు ముందు పడేలా చూసి, ఆఖర్న మ్యాగజైన్ వెనుక వైపు అరచేతిలో రెండుసార్లు తట్టండి. ఇరుక్కున్నాక స్లైడ్‌తో కుస్తీ పట్టొద్దు. మ్యాగజైన్ తీసి రౌండ్లన్నీ దించడమే దారి.

మణికట్టు వదులుగా పట్టుకున్నా స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ షెల్ సందులో నిలువుగా ఇరుక్కుంటుంది. ఇది ఆయుధం తప్పు కాదు, పట్టు తప్పు.

రివాల్వర్ ఇరుక్కోదన్న మాట నమ్మి దాన్ని ఏళ్ల తరబడి తుడవకుండా పెట్టేవాళ్లున్నారు. నక్షత్రం పలక కింద కాలని మందు రవ్వంత చేరినా సిలిండర్ సరిగ్గా మూసుకోదు. ప్రైమర్ కాస్త పైకి తేలి ఉన్న రౌండ్ పడితే సిలిండర్ తిరగదు, దాన్ని విడిపించడం పిస్టల్‌ను విడిపించడం కన్నా కష్టం. టాప్‌బ్రేక్‌లలో తాళం అరిగి గొట్టం ఊగుతుంటే ఆర్మరర్ (లైసెన్స్ ఉన్న ఆయుధాల మెకానిక్) దగ్గరికి పోవాల్సిందే, ఇంటి దగ్గర లేత్ పనివాడి దగ్గరికి కాదు. లైసెన్స్ లేనివాడి చేతికి ఆయుధం ఇవ్వడమే నేరం. ఇంకోటి: సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందులోంచి వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది. రెండో చేతి వేళ్లు అక్కడ ఉంటే కాలతాయి. పిస్టల్ వాడినవాళ్లు రివాల్వర్ పట్టినప్పుడు చేసే తప్పు ఇదే. రివాల్వర్ నుంచి పిస్టల్‌కు వచ్చినవాళ్లు బొటనవేలు స్లైడ్ వెనుక అడ్డం పెట్టి చర్మం చీల్చుకుంటారు.

నొక్కినా పేలకపోతే? రెండింటికీ ఒకే పద్ధతి: గొట్టం కదపకుండా 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకుంటే ఆ లోపు పేలుతుంది. రివాల్వర్‌లో వెంటనే మళ్లీ నొక్కితే ఆ రౌండ్ పక్కకు తిరిగి గొట్టం ఎదురుగా లేనప్పుడు పేలే ప్రమాదం ఉంది. ప్రాణాపాయం ఎదురుగా ఉన్నప్పటి లెక్క వేరు. రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, మాత్రం ఆగాల్సిందే. 'ఠప్' అని నీరసంగా మోగి, తోపు సరిగా తగలకపోతే ఇక కాల్చకండి. బుల్లెట్ గొట్టంలోనే ఆగి ఉండొచ్చు. వెనక ఇంకోటి వెళితే గొట్టం ఉబ్బిపోతుంది.

చేతి బలం, ట్రిగ్గర్ బరువు

చాలామంది తూకం చూస్తారు గానీ స్ప్రింగ్ చూడరు. బ్లోబ్యాక్ పిస్టల్‌లో తాళం పని స్ప్రింగ్ చేస్తుంది కాబట్టి, చిన్న పిస్టలైనా స్లైడ్ లాగడం గట్టిగానే ఉంటుంది. వేళ్ల కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు కొనేముందు డీలర్ దగ్గర ఖాళీ పిస్టల్ స్లైడ్‌ను వరుసగా పదిసార్లు లాగి చూడాలి. చెమట చేతితో, జారకుండా. ఆరోసారికే చెయ్యి వణికితే అది మీకు కాదు, ఎందుకంటే ఖాళీ చేయాలన్నా ఆ స్లైడే లాగాలి.

రివాల్వర్ తెరవడానికి బలం అక్కర్లేదు, కానీ ట్రిగ్గర్‌కు కావాలి. హ్యామర్ ఎత్తకుండా నొక్కితే సుమారు 5 కిలోల బరువు. ఆ బరువుకు గురి పక్కకు లాగుతుంది. అయితే ఆ బరువే ఒక కాపలా. తడబాటులో వేలు తగిలినంత మాత్రాన అది పేలదు. హ్యామర్ ఎత్తి పెడితే మాత్రం రెండు కిలోల లోపే, ఎత్తిన హ్యామర్‌ను మెల్లగా దించడం చెమట చేతితో చేయాల్సిన పని కాదు. పాత రివాల్వర్ కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు ఉందని ఆర్మరర్ ఖాయం చేసేదాకా హ్యామర్ ఎదురుగా ఉన్న గది ఖాళీగా ఉంచి, ఐదే నింపండి. పిస్టల్ అయితే ఒంటి మీద ఉన్నప్పుడు ఛాంబర్ ఖాళీగా, మ్యాగజైన్ నిండుగా పెట్టుకోవడం మామూలు లైసెన్స్‌దారుకు మా సలహా. ఛాంబర్‌లో పెట్టుకుని తిరగడం నెలనెలా రేంజ్‌కు వెళ్లేవాళ్ల పని.

ఛాంబర్‌లో పెట్టి తీసి, మళ్లీ అదే రౌండ్ పెట్టే అలవాటుకు ఇంకో చిక్కుంది. ప్రతిసారీ ముక్కు గుద్దుకుని బుల్లెట్ షెల్‌లోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది, లోపల జాగా తగ్గి పేలినప్పుడు పీడనం పెరుగుతుంది. కొత్త రౌండ్ పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. రివాల్వర్‌కు ఈ బాధ లేదు.

దుమ్ము, ఎండ, చెమట, దసరా

మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఊక దుమ్ము, జడ్చర్ల జిన్నింగు మిల్లులో పత్తి నూగు. పిస్టల్‌కు ఇవి పడవు. నూనె ఎక్కువ పూస్తే దుమ్ము దానికి పట్టి జిగురవుతుంది, స్లైడ్ నెమ్మదిస్తుంది. స్లైడ్ జారే గాడుల మీద ఒక్కో చుక్క చాలు. గొట్టం లోపల తుడిచి ఆరబెట్టాలి. మిల్లులో ఉండేవాళ్లు పదిహేను రోజులకోసారి విప్పి తుడుచుకోవాలి. అంత తీరిక లేదంటే రివాల్వర్ వైపే మొగ్గండి.

రోహిణి కార్తెలో నడుముకు పెట్టుకుంటే చెమట ఉప్పు ఒక్క రోజులోనే ఉక్కుకు తుప్పు రేపుతుంది. ఇంటికి రాగానే ఖాళీ చేసి, నూనె గుడ్డతో తుడవాలి. తోలు హోల్‌స్టర్‌లో నిల్వ ఉంచొద్దు. తోలు తేమ పట్టి ఇత్తడి షెల్‌ల మీద పచ్చ చిలుము ఎక్కుతుంది. కారు డ్యాష్‌బోర్డులో రౌండ్లు వదిలేస్తే ఎండకు పేలవు గానీ మందు సత్తువ తగ్గుతుంది. దొంగ చేతికి చిక్కితే మాత్రం కేసు మీ మీదికే వస్తుంది.

దసరాకు ఆయుధ పూజ చేసేవాళ్లు ముందురోజే ఖాళీ చేసి, రౌండ్లు వేరే గదిలో పెట్టాలి. ఇల్లంతా చుట్టాలు, పిల్లలు ఉండే రోజు అది. పసుపు కుంకుమ పిడి మీద బొట్టుగా పెడితే చాలు. పొడి స్లైడ్ సందులో, హ్యామర్ గాడిలో పడితే ఇసుక పడ్డట్టే. కొబ్బరినీళ్లు తగిలితే అదే పూట తుడవాలి.

బరాత్‌లో గాల్లోకి కాల్చడం సరదా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2019 సవరణలో దానికి ప్రత్యేకంగా శిక్ష పెట్టారు: రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన బుల్లెట్ ఎవరి డాబా మీద దిగుతుందో కాల్చినవాడికి తెలియదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయటికి తీసుకెళ్తే చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉండాలి. నడుం దగ్గర పంచెలోనో ప్యాంటులోనో ఊరికే దోపుకోవడం నిబంధనకూ విరుద్ధం, ఒంటికీ ముప్పే. పిస్టల్‌కైతే మరీ, ట్రిగ్గర్ గార్డ్ కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా అసలు కదలొద్దు.

ఎవరికి ఏది

ఎప్పుడూ బీరువాలోనే ఉండేదైతే, ఏడాదికి ఒకటి రెండుసార్లే బయటికి తీసేదైతే రివాల్వర్. తోట దగ్గర ఒంటరిగా ఉండే రైతుకూ, వయసు పైబడినవాళ్లకూ అదే. ఫౌజులోనో పోలీసులోనో పిస్టల్ చేత పట్టి, ఆ వరుస ఒంటికి పట్టినవాళ్లు, రేంజ్‌కు క్రమంగా వెళ్లేవాళ్లు పిస్టల్ తీసుకోవచ్చు. పలచగా ఉంటుంది, నడుముకు సర్దుకుంటుంది, నింపడం వేగం. బ్యాంకు, ఏటీఎం గార్డు పని కోసమే అయితే రెండూ కాదు, పొడుగు గొట్టం ఉన్న 12 బోరు తుపాకీ. రౌండ్ల సంఖ్య కోసం మాత్రం పిస్టల్ కొనొద్దు. ఆరుకూ ఎనిమిదికీ తేడా తేల్చే పరిస్థితి మామూలు మనిషికి రావడం అరుదు, ఖాళీ చేసే పరిస్థితి వారం వారం వస్తుంది.

ఏది కొన్నా ఇంట్లో దాచే పద్ధతి ఒక్కటే: ఆయుధం ఖాళీగా, గోడకు బిగించిన ఇనుప పెట్టెలో; రౌండ్లు వేరే తాళంలో; రెండు తాళంచెవులూ లైసెన్స్‌దారు దగ్గరే. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే ఇంటి దగ్గరే ఖాళీ చేసి, గొట్టంలో పలచగా నూనె పట్టించి, ఆయుధం నంబరూ రౌండ్ల సంఖ్యా రాసిన రశీదు తీసుకోండి.

వాడినది కొంటుంటే ముందు నంబరు చూడండి. ఫ్రేమ్ మీది నంబరుకూ కాగితంలోని నంబరుకూ ఒక్క అంకె తేడా ఉన్నా వదిలేయండి. రివాల్వర్‌లో హ్యామర్ ఎత్తి సిలిండర్‌ను వేళ్లతో ఊపండి. కొద్ది కదలిక మామూలే, టకటక ఆడితే బుల్లెట్ గొట్టం అంచును గీరుకుంటూ పోతుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ పెదవులు, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు చూడండి. తర్వాత ఖాళీ పిస్టల్‌కు హ్యామర్ బిగించి, సేఫ్టీ వేసి, గొట్టం ఇసుక వైపు ఉంచి ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి. వేలు తీసేసి సేఫ్టీ విప్పండి. విప్పగానే 'టక్' మని హ్యామర్ పడితే సియర్ (బిగించిన హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) గానీ సేఫ్టీ గానీ అరిగిపోయింది, ఆ పిస్టల్ వద్దు. గొట్టం లోపల వెలుతురులో చూస్తే ఒకచోట ఉంగరంలా నీడ కనిపిస్తే, పైన వేలితో తడిమితే అక్కడ ఉబ్బు తగిలితే, ఎంత చవకకు ఇచ్చినా ముట్టుకోకండి.